పాట కంప్యూటర్‌లో ఉంది, పియానో మాత్రం పలకదు

పాత ప్లేయర్ పియానో చేతికొచ్చిన వాళ్లందరికీ దాదాపు ఒకే కథ. మొదటి వారం దానితో పాటు వచ్చిన నాలుగైదు ఫ్లాపీలు (పాతకాలం కంప్యూటర్ డిస్కులు) వేసుకుని, ఎవరూ కూర్చోకుండానే పియానో మెట్లు వాటంతటవే కిందికీ పైకీ కదులుతుంటే చూసి మురిసిపోతారు. రెండో వారానికి ఆ పాటలు మొహం మొత్తుతాయి. మూడో వారం ఇంటర్నెట్ నుంచి ఇష్టమైన సంగీతం దించుకుని, దాన్ని పియానోలోకి ఎక్కించడం ఎలాగా అని ఆలోచన మొదలవుతుంది. అక్కడ మొదలైన టెన్షన్ చాలామందిని నెలల తరబడి వదలదు.

కంప్యూటర్‌లో ఫైల్ ఉంది. పియానోకి ఫ్లాపీ పెట్టే చోటు ఉంది. మధ్యలో ఒక్క డ్రైవ్ కొంటే సరిపోతుందని అనిపిస్తుంది. తీరా కొని, ఫైల్ కాపీ చేసి, డిస్కు పెడితే పియానో ‘డిస్క్ ఎర్రర్’ అంటుంది, లేదా పాటలే లేవంటుంది. ఇంకా చిత్రమైన సందర్భాల్లో పాట మొదలవుతుంది కానీ ఎడమవైపు మెట్లు ఎవరో గుద్దుతున్నట్టు దడదడా మోగుతాయి. ఇవి మూడు వేరువేరు జబ్బులు. మూడింటికీ ఒకే మందు వెతకడం వల్లే పని తెమలదు.

పాటను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చడం ఇందులో చిన్న పని. కంప్యూటర్ దృష్టిలో ‘పాట’ అంటే ఒకటి, పియానో దృష్టిలో ‘పాట’ అంటే మరొకటి కావడమే పెద్ద చిక్కు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మనం రోజూ వినే ఎమ్‌పీ3 ఫైల్‌లో ఉండేది శబ్దం. గాలిలో పుట్టిన కంపనాన్ని కొలిచి, అంకెలుగా మార్చి, కుదించి దాచిన రికార్డు అది. స్పీకర్‌కి అది కావాలి. పియానోకి స్పీకర్ పని చెప్పడం లేదు కదా, దానికి తీగలున్నాయి, సుత్తులున్నాయి. దానికి కావలసింది ఆజ్ఞలు: ఈ క్షణాన ఫలానా మెట్టును ఇంత బలంతో నొక్కు, ఇంతసేపటి తర్వాత వదులు, ఇప్పుడు కుడి పెడల్ తొక్కు. ఈ ఆజ్ఞల భాష పేరు మిడి. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన సంగీత వాద్యాల వాణిజ్య ప్రదర్శనలో రెండు వేరువేరు కంపెనీల సింథసైజర్లను ఒక కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోదీ పలకడం చూపించారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఆ భాష పెద్దగా మారలేదు. మధ్య ‘సి’ స్వరం అప్పుడూ 60, ఇప్పుడూ 60. పియానో ఎడమ చివరి మెట్టు 21, కుడి చివరిది 108. నొక్కే బలం 1 నుంచి 127 దాకా. ఇంత సరళమైన భాష కాబట్టే అది ఇన్నేళ్లు బతికింది.

కాబట్టి దించుకున్నది ఎమ్‌పీ3 అయితే దాన్ని ఏ డ్రైవ్‌తో ఎక్కించినా లాభం లేదు. ఫైల్ పేరు చివర ఎమ్‌పీ3 తీసేసి మిడి అని రాసినా అంతే. పేరు మార్చినంత మాత్రాన శబ్దం ఆజ్ఞ అయిపోదు. ఇలా చేసి చూసినవాళ్లను తక్కువ చేసి మాట్లాడటం లేదు, నేనూ ఒకసారి చేశాను.

పరిమాణం చూస్తే తేడా కళ్లకు కడుతుంది. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున కుదించిన నాలుగు నిమిషాల ఎమ్‌పీ3 సుమారు 38 లక్షల బైట్లు. పాత పియానోలు వాడే 720 కేబీ ఫ్లాపీలో పట్టేది 7,37,280 బైట్లు. అంటే ఆ ఒక్క పాట దాచడానికి ఆరు ఫ్లాపీలు కావాలి. అదే నిడివి పియానో రచన మిడిలో ఎంత ఉంటుందో లెక్కేద్దాం. మూడు వేల స్వరాలున్నాయనుకోండి. ప్రతి స్వరానికి నొక్కడం ఒక ఆజ్ఞ, వదలడం ఒక ఆజ్ఞ, కాలంతో కలిపి ఒక్కోటి నాలుగు బైట్లు. మొత్తం 24 వేల బైట్లు. పెడల్ కదలికలు కలిపినా 30 వేలు. ఒకే ఫ్లాపీలో అలాంటివి ఇరవై పైగా పడతాయి. ఆ కాలంలో ఫ్లాపీని ఎంచుకోవడం వెనక తెలివితక్కువతనం ఏమీ లేదు, సరిగ్గా సరిపోయింది మరి.

ఇప్పుడు శబ్దాన్ని విని స్వరాలుగా రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ఒంటరి పియానో రికార్డింగ్ అయితే అవి ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తాయి. గూగుల్ మెజెంటా బృందం 2018లో ఇలాంటిది ఒకటి బయటపెట్టింది. ఆ పరిశోధనకు వాడిన మేస్ట్రో అనే సేకరణ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఇంటర్నేషనల్ పియానో-ఈ-కాంపిటీషన్ అనే పోటీలో పాల్గొన్నవాళ్లు డిస్క్‌లావియర్ అనే యమహా ప్లేయర్ పియానోల మీద వాయించిన కచేరీల నుంచి. పియానో తన మీద పడిన ప్రతి వేలినీ అంకెల్లో రాసుకుంటే, పక్కన మైకు శబ్దాన్ని రికార్డు చేసింది. రెండూ పక్కపక్కన పెట్టి యంత్రానికి నేర్పారు. అంటే ఎమ్‌పీ3ని ప్లేయర్ పియానో భాషలోకి మార్చడం నేర్పింది ప్లేయర్ పియానోయే. అయితే గొంతు, వయొలిన్, డ్రమ్ములు అన్నీ కలిసిన పాటను ఇచ్చి పియానో ఆజ్ఞలు రాయమంటే వచ్చేది కలగాపులగమే. దాన్ని మనిషి కూర్చుని సరిదిద్దాల్సిందే.

ఒకే భాష, రెండు లిపులు

సరే, దించుకున్నది అసలైన మిడి ఫైలే. అయినా పియానో గుర్తించడం లేదు. ఇక్కడ కాస్త చరిత్ర పనికొస్తుంది.

మిడి అనేది మొదట కేబుల్ మీద ప్రయాణించే ఆజ్ఞల ఒప్పందం మాత్రమే. వాటిని ఫైల్‌గా ఎలా దాచుకోవాలో 1983లో ఎవరూ నిర్ణయించలేదు. స్టాండర్డ్ మిడి ఫైల్ అనే ఒప్పందం 1988లో కుదిరింది. యమహా డిస్క్‌లావియర్ అమెరికా మార్కెట్లోకి వచ్చింది 1987లో. అంటే అందరూ ఒప్పుకున్న ఫైల్ రూపం పుట్టకముందే పియానో పుట్టేసింది. ఊరికి దారి పడకముందే బండి కట్టుకున్నట్టు, యమహా తన సొంత పద్ధతి ఒకటి తయారుచేసుకుంది. దాని పేరు ఈ-సీక్. లోపల ఉండేవి మిడి ఆజ్ఞల్లాంటివే, రాసిపెట్టిన తీరు మాత్రం వేరు.

ఈ-సీక్ డిస్కును కంప్యూటర్‌లో తెరిచి చూస్తే పాటల ఫైళ్ల చివర ‘ఫిల్’ అనే మూడక్షరాల తోక కనిపిస్తుంది. వాటితో పాటు ‘పియానోడిర్’ అనే పేరుతో ఇంకో ఫైల్ ఉంటుంది. అది విషయసూచిక. ఏ పాటలున్నాయి, ఏ వరసలో ఉన్నాయి, తెర మీద ఏ పేరు చూపించాలి అన్నది పియానో అక్కడ చదువుతుంది. పాట ఫైల్ ఒక్కటే కాపీ చేసి సూచికను మరిచిపోతే డిస్కు నిండా పాటలున్నా పియానో ఖాళీ అంటుంది. చాలామంది డిస్కు చెడిపోయిందనుకుని పారేసేది ఇలాంటి సందర్భంలోనే.

తొలి తరం డిస్క్‌లావియర్లకు ఈ-సీక్ తప్ప మరో రూపం అర్థం కాదు. తర్వాతి తరాలు స్టాండర్డ్ మిడి ఫైళ్లనూ చదువుతాయి. మార్క్ త్రీ 2000లో, మార్క్ ఫోర్ 2004లో వచ్చాయి. మార్క్ ఫోర్‌కి హార్డ్ డిస్కు, నెట్‌వర్క్ సదుపాయం ఉన్నాయి కాబట్టి ఈ వ్యాసంలోని సగం బాధలు దానికి లేవు. మీ పియానో ఏ తరానిదో తెలుసుకోకుండా డ్రైవులూ కేబుళ్లూ కొనడం మొదలుపెట్టకండి. కంట్రోల్ పెట్టె మీద ఉండే మోడల్ నంబర్ రాసుకుని, దాని మాన్యువల్ సంపాదించి, ఏ ఫైళ్లు చదువుతుందో, ఏ డిస్కులు తీసుకుంటుందో రెండే రెండు విషయాలు చూడండి. నేనైతే ఈ పని చేయకుండా ఇంకేమీ చేయొద్దంటాను.

స్టాండర్డ్ మిడి ఫైళ్లలో మళ్లీ రెండు రకాలు మనకు తగులుతాయి. టైప్ 0లో మొత్తం సంగీతం ఒకే ట్రాకులో, కాలం వరసలో ఉంటుంది. టైప్ 1లో కుడి చెయ్యి ఒక ట్రాకు, ఎడమ చెయ్యి ఇంకో ట్రాకు, వేగం వివరాలు మరో ట్రాకు అన్నట్టు విడివిడిగా ఉంటాయి. కంప్యూటర్‌లో కూర్చి రాసేవాళ్లకు టైప్ 1 సుఖం. చిన్న మెమరీ ఉన్న పాత యంత్రానికి అన్ని ట్రాకులనూ ఒకేసారి కలుపుకుంటూ చదవడం భారం, ఒకే వరసలో వచ్చేది తేలిక. ఇంటర్నెట్‌లో దొరికేవి చాలా వరకు టైప్ 1. పాత పియానోల్లో చాలా వాటికి కావలసింది టైప్ 0. ఏ మామూలు మిడి ఎడిటర్‌లోనైనా తెరిచి ‘టైప్ 0గా సేవ్’ అంటే నిమిషంలో పని అయిపోతుంది. సంగీతంలో ఒక్క స్వరం కూడా పోదు.

ఫైల్ ఏ రకమో తెలుసుకోవడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. బైట్లను అంకెలుగా చూపించే ఏ ఉచిత ప్రోగ్రామ్‌తోనైనా తెరవండి. అసలైన మిడి ఫైల్ మొదటి నాలుగు అక్షరాలు ఎం, టి, హెచ్, డి. ఆ తర్వాత నాలుగు బైట్లలో 6 అనే అంకె. తొమ్మిది, పది బైట్లు కలిపి రకం చెబుతాయి. పదో బైటు 0 అయితే టైప్ 0, 1 అయితే టైప్ 1. మొదట్లో ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అక్షరాలు కనిపిస్తే మిడిని ఇంకో పొరలో చుట్టి దాచారని అర్థం, దాన్ని విప్పి మళ్లీ సేవ్ చేయాలి. అక్కడ ఏదో వెబ్ పేజీ కోడ్ కనిపిస్తే మీరు దించుకున్నది పాట కాదు, ‘ఇక్కడ నొక్కండి’ అనే పేజీ. ఇది మనం అనుకునే దానికంటే ఎక్కువగానే జరుగుతుంది.

తొలి తరం పియానోల వాళ్లకు ఇంకో పని మిగిలే ఉంది. మిడిని ఈ-సీక్‌గా మార్చాలి, సూచిక ఫైల్ తయారు చేయాలి. దీనికోసం డిస్క్‌లావియర్ యజమానులే రాసుకున్న ఉచిత పనిముట్లు ఉన్నాయి. అవి పాతకాలం తెర మీద నల్లని కిటికీలో నడిచే రకం, చూడ్డానికి భయంగా ఉంటాయి కానీ చెప్పిన పని చేస్తాయి.

ఫ్లాపీ అనే పెద్దమనిషి

ఇక డిస్కు సంగతి. ఫ్లాపీల గురించి మరిచిపోయిన, లేదా ఎన్నడూ తెలియని తరం ఇప్పుడు ఈ పియానోలను నడుపుతోంది. సోనీ 2011 మార్చిలో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. ఇప్పుడు దొరికేవి పాత నిల్వలే.

మూడున్నర అంగుళాల ఫ్లాపీలు రెండు రకాలు. రెండు మూలల్లో రెండు చదరపు రంధ్రాలు ఉంటే అది హెచ్‌డీ, 1.44 ఎంబీ. ఒకే రంధ్రం ఉంటే డీడీ, 720 కేబీ. తొలి పియానోలకు డీడీ మాత్రమే పడుతుంది. మార్కెట్లో మిగిలినవి ఎక్కువగా హెచ్‌డీ. రెండో రంధ్రం మీద టేపు అంటించి హెచ్‌డీ డిస్కును డీడీగా వాడుకోవచ్చని చాలామంది చెబుతారు. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. కానీ రెండింటి అయస్కాంత పూత ఒకటి కాదు. హెచ్‌డీ పూతకు కొంచెం బలమైన అయస్కాంత క్షేత్రం కావాలి, డీడీ పద్ధతిలో రాసే డ్రైవ్ దానికి సరిపడా ఇవ్వదు. ఇవాళ చదివిన డిస్కు వచ్చే నెల చదవకపోవచ్చు. తాత్కాలికంగా పరీక్షించుకోవడానికి టేపు పర్వాలేదు, దాచుకోవాలనుకున్న పాటలకు వద్దు.

యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో ఇంకో తమాషా ఉంది. వాటిలో చాలావరకు 720 కేబీ డిస్కును చదవగలవు, అప్పటికే ఫార్మాట్ అయి ఉంటే రాయగలవు, కొత్తగా ఫార్మాట్ చేయమంటే మాత్రం మొరాయిస్తాయి. విండోస్‌లో కుడి క్లిక్ చేసి ఫార్మాట్ అంటే 1.44 తప్ప మరో దారి చూపించకపోవచ్చు. కమాండ్ కిటికీలో 80 ట్రాకులు, ట్రాకుకు 9 సెక్టార్లు అని విడమరిచి చెబితే కొన్ని డ్రైవులు ఒప్పుకుంటాయి. దీనికి తేలికైన ఉపాయం పియానోలోనే ఉంది. చాలా మోడళ్లకు డిస్కు ఫార్మాట్ చేసే సదుపాయం ఉంది. ఖాళీ డిస్కును ముందు పియానో చేతనే ఫార్మాట్ చేయించి, తర్వాత కంప్యూటర్‌కి తెచ్చి ఫైళ్లు రాయండి. పిల్లకు అన్నం తినిపించాలంటే దాని గిన్నెలోనే పెట్టాలన్నట్టు, యంత్రం తనకు నచ్చినట్టు గీసుకున్న గళ్లలోనే మనం నింపుతాం.

ఫైల్ పేర్లు కూడా పాతకాలం మర్యాదలో ఉండాలి. ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడక్షరాల తోక. ఖాళీలు వద్దు, విచిత్రమైన గుర్తులు వద్దు, ఫోల్డర్లు వద్దు. అన్నీ డిస్కు పైపొరలోనే ఉండాలి. కంప్యూటర్ తనంతట తాను చెప్పకుండా పెట్టే దాపు ఫైళ్లను కూడా తుడిచేయండి, మ్యాక్‌లో ఇది మరీ ఎక్కువ. పియానో తెర మీద కనిపించే పేరు చాలాసార్లు ఫైల్ పేరు కాదు, ఫైల్ లోపల రాసి ఉన్న శీర్షిక. కాబట్టి ‘పేరు మార్చాను, తెర మీద మారలేదు’ అని కంగారు పడనక్కర్లేదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఏళ్ల తరబడి వాడని డ్రైవ్‌లో మొట్టమొదట పెట్టే డిస్కు మీకు అతి విలువైనది కాకూడదు. డ్రైవ్‌లో డిస్కును చదివే తల (హెడ్) మీద పేరుకున్న మట్టి డిస్కు పూతను గీకేస్తుంది, బూజు పట్టిన డిస్కు ఆ మట్టిని తలకు అంటిస్తుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తలను శుభ్రం చేసి, ఒక పనికిరాని డిస్కుతో పరీక్షించండి. కొన్ని పాత డ్రైవుల్లో డిస్కును తిప్పే రబ్బరు బెల్టు ఉంటుంది, అది వయసుతో సాగిపోతుంది లేదా జిగురుగా కరిగిపోతుంది. డిస్కు పెట్టగానే తిరుగుతున్న చప్పుడు రాకపోతే ముందు దాన్ని అనుమానించాలి.

ఫ్లాపీని మోసం చేయడం

ఇంత చాకిరీ ఎందుకు అనిపిస్తే, ఫ్లాపీ డ్రైవ్ ఉన్న చోట దాని వేషం వేసుకునే ఎమ్యులేటర్ పెట్టుకోవచ్చు. గోటెక్ పేరుతో దొరికేది అన్నిటికంటే ప్రసిద్ధం. అదే కొలతలు, అదే 34 పిన్నుల కనెక్టర్, ముందు భాగంలో యూఎస్‌బీ డ్రైవ్ పెట్టే చోటు, మూడంకెల చిన్న తెర, రెండు బటన్లు. ఒక యూఎస్‌బీ డ్రైవ్‌లో వెయ్యి ఊహా ఫ్లాపీలు, 000 నుంచి 999 దాకా. పియానోకి తన ముందున్నది ఫ్లాపీయే అన్న నమ్మకం ఏమాత్రం సడలదు.

నా దృష్టిలో పాత పియానోకి చేయగలిగిన మార్పుల్లో ఇది అత్యంత గిట్టుబాటయ్యేది. పాత డ్రైవ్ తీసి జాగ్రత్తగా దాచిపెడితే ఎప్పుడైనా మళ్లీ బిగించుకోవచ్చు, పియానోకి ఏ హానీ లేదు. కానీ పెట్టగానే పనిచేస్తుందని ఆశపడకండి. పీసీల్లోని ఫ్లాపీ డ్రైవులకూ, వాద్యాల్లోని డ్రైవులకూ చిన్న తేడాలున్నాయి. పీసీలో డ్రైవ్ సాధారణంగా తనను ఒకటో నంబరుగా పరిచయం చేసుకుంటుంది, ఇతర యంత్రాల్లో ఎక్కువగా సున్నాగా. గోటెక్ వెనక ఉండే జంపర్‌ను (రెండు పిన్నులను కలిపే చిన్న బిళ్లను) అటో ఇటో మార్చాలి. 34వ పిన్ను కూడా తగాదా పెడుతుంది. పీసీ పద్ధతిలో అది ‘డిస్కు మారింది’ అని చెబుతుంది, షుగార్ట్ అనే పాత పద్ధతిలో ‘నేను సిద్ధం’ అని చెబుతుంది. తప్పు కబురు అందితే పియానో డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (పరికరాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించుకుంటే ఇవన్నీ ఒక చిన్న సెట్టింగుల ఫైల్‌లో మార్చుకోవచ్చు, డిస్కు ప్రతిరూపాలను మామూలు ఫైళ్లలా యూఎస్‌బీలో పెట్టుకోవచ్చు. డ్రైవ్ దీపం ఎప్పుడూ ఆరకుండా వెలుగుతూనే ఉంటే కేబుల్ తిరగేసి పెట్టారని అర్థం. చాలా సందర్భాల్లో సమస్య అంతే. పెట్టె విప్పే ముందు కరెంటు ప్లగ్ తీసేయడం మరవకండి, పియానో సోలెనాయిడ్లను (మెట్లను కదిలించే విద్యుదయస్కాంతాలను) నడిపే విద్యుత్ సరఫరా ఆటవస్తువు కాదు.

ఫైలే అవసరం లేని దారి ఇంకోటి ఉంది. పియానో కంట్రోల్ పెట్టె వెనక ఐదు పిన్నుల గుండ్రటి మిడి ఇన్ సాకెట్ ఉంటే, యూఎస్‌బీ-మిడి ఇంటర్‌ఫేస్ ఒకటి తీసుకుని కంప్యూటర్‌నో టాబ్లెట్‌నో నేరుగా కలపవచ్చు. అప్పుడు టైప్ 0, టైప్ 1, ఈ-సీక్ గొడవలేవీ పియానోకి పట్టవు. ఫైల్‌ను కంప్యూటర్ చదువుతుంది, పియానో ఆజ్ఞలు మాత్రమే అందుకుంటుంది. చౌక ఇంటర్‌ఫేస్‌ల మీద ఉండే ‘ఇన్’, ‘అవుట్’ రాతలు మనల్ని తికమకపెడతాయి. కొందరు ఆ కొస నుంచి ఏం బయటికొస్తుందో రాస్తారు, కొందరు ఆ కొసను ఎక్కడ గుచ్చాలో రాస్తారు. పలకకపోతే రెండూ మార్చి చూడండి, ఏమీ కాలిపోదు.

ఈ దారిలో వెళ్లినవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న: మెట్టు అరసెకను ఆలస్యంగా ఎందుకు కదులుతోంది? ఇది లోపం కాదు, చక్కటి ఆలోచన. గట్టిగా కొట్టే స్వరానికి సుత్తి వేగంగా తీగను చేరుతుంది, మెల్లగా పలకాల్సిన స్వరానికి నెమ్మదిగా వెళ్తుంది. రెండు ఆజ్ఞలూ ఒకే క్షణం వచ్చినా శబ్దాలు వేరువేరు క్షణాల్లో పుడతాయి. డిస్కు నుంచి చదివేటప్పుడు పియానోకి ముందేం రాబోతోందో తెలుసు కాబట్టి మెల్లని స్వరాన్ని కొంచెం ముందుగా బయలుదేరదీస్తుంది. కేబుల్ మీద వచ్చే ఆజ్ఞలను ముందే చూడలేదు. అందుకని డిస్క్‌లావియర్ ప్రతి ఆజ్ఞనూ 500 మిల్లీసెకన్లు ఆపి, ఆ వ్యవధిలో లెక్కలు కట్టుకుని, అన్ని స్వరాలనూ సరైన సమయానికి పలికిస్తుంది. సెట్టింగుల్లో ఈ ఆలస్యాన్ని తీసేయవచ్చు, తీసేస్తే సంగీతం కొద్దిగా చెదురుతుంది. వినడానికే అయితే ఉంచండి. కంప్యూటర్ స్పీకర్లలోంచి తోడు వాద్యాలు వస్తుంటే వాటినే సాఫ్ట్‌వేర్‌లో అరసెకను వెనక్కి జరపండి.

సీడీల మీద నడిచే పియానోల కథ వేరు. వాటిలో కొన్ని సీడీలు మామూలు ఆడియో సీడీల్లాగే కనిపిస్తాయి కానీ స్టీరియోలోని ఒక చానెల్‌లో సంగీతం, రెండో చానెల్‌లో ఫ్యాక్స్ మెషీన్ కూతలాంటి శబ్దం ఉంటాయి. ఆ కూతే మిడి. పియానో దాన్ని విని ఆజ్ఞలుగా మార్చుకుంటుంది. అలాంటి సీడీని ఎమ్‌పీ3గా మార్చి దాచుకున్నామనుకుంటే పొరపాటు. చెవికి అక్కర్లేదనుకున్నది తీసిపారేయడమే ఎమ్‌పీ3 పని, పైగా రెండు చానెళ్లను కలిపి కుదించే అలవాటు దానికి ఉంది. కూతలోని అంకెలు చెదిరిపోతే పియానో తప్పులు వాయిస్తుంది లేదా మూగబోతుంది. కుదించని వేవ్ రూపంలోనే దాచండి, మళ్లీ ఆడియో సీడీగానే రాయండి.

ఎక్కింది, కానీ బాగోలేదు

పాట ఎక్కాక నిరాశపడేవాళ్లూ ఉన్నారు. మొదట్లో చెప్పిన దడదడ గుర్తుందా? జనరల్ మిడి అనే 1991 నాటి ఒప్పందం ప్రకారం పదో చానెల్ (వాద్యాల ఆజ్ఞలను విడదీసే వరసల్లో పదోది) డ్రమ్ములది. అక్కడ 36 అంటే పెద్ద డ్రమ్ము, 38 అంటే స్నేర్ అనే చిన్న డ్రమ్ము, 42 అంటే తాళాల్లాంటి హై-హ్యాట్. పూర్తి బృందం కోసం చేసిన ఫైల్‌ను తెచ్చి, అన్ని చానెళ్లూ వాయించేలా సెట్ చేసిన పియానోకి ఇస్తే అది 36వ నంబరును డ్రమ్ము అనుకోదు, ఎడమవైపు బరువైన మెట్టు అనుకుంటుంది. పాట ఆసాంతం ఆ మూడు మెట్లనే బాదుతుంది. ఎడిటర్‌లో పదో చానెల్ తీసేయండి, పియానో భాగాన్ని మాత్రమే ఉంచి మీ పియానో వినే చానెల్‌కి మార్చండి. డిస్క్‌లావియర్లలో సాధారణంగా మొదటి రెండు చానెళ్లు రెండు చేతులకు కేటాయిస్తారు.

చేతివేళ్ల నుంచి వచ్చిన మిడికీ, మౌస్‌తో పెట్టిన మిడికీ తేడా తెరమీద తెలియదు, పియానో మీద దాగదు. మౌస్‌తో పెట్టినదాంట్లో ప్రతి స్వరానికీ బలం 64 లేదా 100, కాలం గళ్లు గీసినట్టు ఖచ్చితం, పెడల్ ఊసే ఉండదు. కంప్యూటర్ స్పీకర్‌లో ఫర్వాలేదనిపించినదే నిజమైన తీగల మీద టైపు కొట్టినట్టు వినిపిస్తుంది. నిజంగా పియానిస్టు వాయించగా పట్టినవి వెతకండి. పైన చెప్పిన పియానో-ఈ-కాంపిటీషన్ ప్రదర్శనలు అలాంటివే.

మరీ మెల్లని స్వరాలు అసలు మోగకపోవడం కూడా మామూలే. సుత్తిని తీగ దాకా నెట్టడానికి కావలసిన కనీస బలం పాత యంత్రంలో కాస్త ఎక్కువ ఉంటుంది. తక్కువ బలం ఉన్న స్వరాలన్నిటికీ ఎడిటర్‌లో కొద్దిగా కలిపితే ప్రాణం పోసుకుంటాయి. దీనికి వ్యతిరేక దిశలో, తెర నిండా స్వరాలు కుమ్మరించే సరదా ఫైళ్లు కొన్ని తిరుగుతుంటాయి. వాటి జోలికి పోవద్దు. ఒకేసారి వందల ఆజ్ఞలు వస్తే సోలెనాయిడ్లు వేడెక్కుతాయి, ఫ్యూజు పోవచ్చు.

రంధ్రాలు పొడిచిన కాగితపు చుట్టలతో నడిచే పాత పియానోల వాళ్లు కూడా ఈ అయోమయం పడ్డారు. ఒక్కో కంపెనీ చుట్ట ఒక్కో వెడల్పు, ఒక్కో రంధ్రాల దూరం. 1908లో అమెరికాలోని బఫెలో నగరంలో తయారీదార్లు కూర్చుని, 88 స్వరాల చుట్టకు అంగుళానికి తొమ్మిది రంధ్రాలని తేల్చుకున్నారు. ఎనభై ఏళ్ల తర్వాత అదే కథ ఫ్లాపీల మీద మళ్లీ మొదలైంది.

ఈ వారాంతం పని మొదలుపెట్టేవాళ్లకు: ముందు పియానోతో వచ్చిన పాత డిస్కులను ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లో ప్రతిరూపాలుగా దాచుకోండి. కొన్ని వాణిజ్య డిస్కులను కంప్యూటర్ ఫార్మాట్ కాలేదని చెప్పి, చెరిపేయమంటారా అని అడుగుతుంది. అక్కడ ‘వద్దు’ నొక్కండి. ఆ తర్వాత ఒక్క చిన్న మిడి ఫైల్, ఒంటరి పియానోది, టైప్ 0గా మార్చి, ఎనిమిదక్షరాల పేరు పెట్టి, పియానో చేతనే ఫార్మాట్ చేయించిన డిస్కు మీదికి ఎక్కించండి. అది పలికిందంటే మిగిలిన వందా అదే దారిలో వెళ్తాయి. పలకలేదంటే, తప్పు ఎక్కడుందో వెతకడానికి మీ ముందు ఒకే ఒక్క ఫైల్ ఉంటుంది.